టైర్లు లెక్కపెట్టొద్దు, ఆర్‌సీ తీసి చూడండి

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. వయసు 24. ఏడో తరగతితో చదువు మానేశాను. మూడేళ్ల కిందట ఎల్‌ఎంవీ లైసెన్సు తీసుకుని, అప్పట్నుంచీ మా మామ బొలెరో పికప్‌లో చీనీకాయలు అనంతపురం మార్కెట్‌కు తోలుతున్నాను. ఇప్పుడు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు ఐషర్ లారీ ఇస్తానంటున్నాడు. 'ఆరు టైర్లే గదా, నీ లైసెన్సు చాలు' అంటాడు. ఆర్‌టీఓ ఆఫీసు బయటుండే ఏజెంటు మాత్రం పికప్‌కే బ్యాడ్జి కావాలంటాడు. ఇన్నాళ్లూ నేను లైసెన్సు లేకుండా తోలినట్టేనట. 15 వేలు ఇస్తే రెండు వారాల్లో హెవీ చేసిస్తాడట. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ ఎక్కితే జీతం బాగుంటుందని స్నేహితుడు పిలుస్తున్నాడు. పెట్రోలు ట్యాంకరైతే ఇంకా మేలట. నేను వేరే బండి ఎక్కితే మా తమ్ముడు పికప్ తోలుతానంటున్నాడు. వాడికి 19, కారు లైసెన్సు ఉంది. మాకు ఏ బండికి ఏ లైసెన్సు కావాలో చెప్పండి.

జవాబు: పికప్ సంగతిలో ఏజెంటు చెప్పింది తప్పు. ఐషర్ సంగతిలో ఓనరు చెప్పింది తప్పయ్యే అవకాశం ఎక్కువ. ఇద్దరి మాటా పక్కన పెట్టి ఓనరును ఐషర్ ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, అడగండి. అందులో బరువులు రెండు ఉంటాయి. ఒకటి అన్‌లేడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు. రెండోది గ్రాస్ వెహికల్ వెయిట్. కొన్ని ఆర్‌సీల మీద దీన్నే లేడెన్ వెయిట్ అని వేస్తారు. బండి, బాడీ, సరుకు, మనుషులు అన్నీ కలిపి ఆ బండి మోయడానికి అనుమతించిన గరిష్ఠ బరువు అది. మీకు కావాల్సింది ఈ రెండో అంకె. అది 7,500 కిలోలు, లేదా అంతకు తక్కువైతే బండి లైట్ మోటార్ వెహికల్, అంటే ఎల్‌ఎంవీ కిందికి వస్తుంది. ఒక్క కిలో దాటినా రాదు.

టైర్లను బట్టి లైసెన్సు తేల్చడం లారీ ఆఫీసుల్లో పాత అలవాటు. వెనక జంట చక్రాలున్న 407 రకం బండికీ ఆరు టైర్లే, రెండు యాక్సిళ్ల పెద్ద లారీకీ ఆరు టైర్లే. మొదటిదాని గ్రాస్ బరువు ఏడున్నర టన్నుల లోపే, రెండోది పద్దెనిమిదిన్నర టన్నుల దాకా పోతుంది. మొదటిది మీ ఎల్‌ఎంవీతో నడుస్తుంది, రెండోది నడవదు. అడుగుల లెక్కా అంతే. '14 అడుగుల ఐషర్' అన్నంత మాత్రాన బరువు తెలియదు, ఒకే పొడవు బాడీని వేర్వేరు బరువుల ఛాసిస్‌ల మీద కడతారు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. 'ఖాళీ బండి నాలుగు టన్నులే గదా, ఏడున్నరకు ఎంత దూరం' అని వాదిస్తారు. మోటారు వాహనాల చట్టంలోని నిర్వచనంలో ఖాళీ బరువు చూడమన్నది కారు, ట్రాక్టరు, రోడ్డు రోలరుకే. సరుకు బండికి చూడాల్సింది గ్రాస్ బరువు. ఈ తేడా పట్టించుకోక 11 టన్నుల బండిని లైట్ బండి అనుకుని తోలుతున్నవాళ్లు ఉన్నారు. బండలు ఎక్కువ వేసినా తక్కువ వేసినా లైసెన్సు తరగతి మారదు, ఆర్‌సీలో ఉన్న అంకే లెక్క. ఓవర్‌లోడు వేరే కేసు. కాటాలో తేలితే చట్టం ప్రకారం 20,000, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000 జరిమానా. ఎక్కువైన సరుకు దింపే ఖర్చు కూడా బండివాళ్లదే. బండల లోడు చూడ్డానికి ఎత్తు తక్కువగా కనిపిస్తుంది గానీ బరువులో మోసం చేస్తుంది.

ఇక మీ పికప్. బొలెరో పికప్, దోస్త్, టాటా ఏస్ లాంటివన్నీ 7,500కు ఎంతో కింద ఉంటాయి. ఇలాంటి బండ్లకు విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్, అంటే రవాణా బండ్లు తోలొచ్చని లైసెన్సులో చేర్చే అనుమతి, అక్కర్లేదని సుప్రీంకోర్టు 2017లోనే ముకుంద్ దేవాంగన్ కేసులో చెప్పింది. దాన్ని అనుసరించి 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. బీమా కంపెనీలు మళ్లీ ఆ తీర్పును ప్రశ్నిస్తే, 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం రంభాదేవి కేసులో అదే మాటను ఖాయం చేసింది. కాబట్టి మీరు ఇన్నాళ్లూ లైసెన్సు లేకుండా తోలలేదు. పసుపు నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన వేరే లైసెన్సు కావాలన్నది ఇప్పుడు చెల్లదు. 'బ్యాడ్జి' అన్నది ప్యాసింజర్ బండ్ల డ్రైవర్లు చొక్కాకు పెట్టుకునే బిళ్ల. జనం నోట్లో అది ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్‌కే పేరైపోయింది. ఏజెంట్లు ఆ పేరు మీదే ఇంకా సొమ్ము చేసుకుంటున్నారు. రంభాదేవి తీర్పు మొదటి పేజీ, చివరి పేజీలు ఫోన్‌లో పెట్టుకోండి. దారిలో ఎవరైనా ఆపి బ్యాడ్జి అడిగితే గొడవ పడకుండా చూపించొచ్చు.

ఐషర్ ఆర్‌సీలో 7,500 దాటితే మీకు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు కావాలి. జనం 'హెవీ' అనేది దీన్నే. 12,000 కిలోల దాకా మీడియం, ఆపైన హెవీ అన్న విభజన బండ్లకు ఇప్పటికీ ఉంది గానీ, లైసెన్సు విషయంలో 1994 సవరణతో మీడియం గూడ్స్, హెవీ గూడ్స్ అన్న విడి తరగతులు పోయి చట్టంలో 'ట్రాన్స్‌పోర్ట్ వెహికల్' ఒక్కటే మిగిలింది. అంటే ఐషర్ కోసం ఒకసారి, ఎర్రగుంట్ల పది టైర్ల లారీ కోసం ఇంకోసారి తిరగాల్సిన పని లేదు. అందుకే నేర్చుకునేటప్పుడే పెద్ద బండి మీద నేర్చుకోండి. ఐషర్ మీద చేయి తిరిగినవాడు 28 టన్నుల లారీ ఎక్కితే మళ్లీ మొదటికొస్తాడు. పెద్దదాని మీద నేర్చుకున్నవాడికి ఐషర్ సులువు.

మీకు అర్హత ఉందా అంటే ఉంది. వయసు 20 నిండాలి, ఎల్‌ఎంవీ లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి. రెండూ మీకు సరిపోయాయి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను 2019లో తీసేశారు, కాబట్టి ఏడో తరగతితో ఆపేసినందుకు ఇబ్బంది లేదు. ఇంకా ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ కావాలని, దాన్ని 'ఏర్పాటు' చేస్తానని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. లేని అవసరానికి దొంగ సర్టిఫికెట్ పెట్టి కేసులో ఇరుక్కోవడమే అది.

దరఖాస్తు పరివాహన్ వారి సారథి వెబ్‌సైటులోనే. ముందు లెర్నర్స్, మన వాడుకలో ఎల్‌ఎల్‌ఆర్. ఉన్న లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి, దానికే కొత్త తరగతి చేర్చమని పెట్టాలి. పొరపాటున కొత్త లైసెన్సు అని పెడితే, ఇప్పటికే మీ పేరున ఒకటుందని దరఖాస్తు ఆగిపోతుంది. 2019 సవరణ తర్వాత రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ కార్యాలయానికైనా దరఖాస్తు చేసుకోవచ్చు. అనంతపురంలో స్లాటు దొరక్కపోతే కడపలో చూసుకోవచ్చు. ఆధార్‌లో ఉన్న పేరు, పాత లైసెన్సు మీది పేరు ఒకటేనా అన్నది దరఖాస్తు పెట్టకముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా ఉండడం మన దగ్గర సర్వసాధారణం, ఫైలు ఎక్కువగా ఆగేది అక్కడే.

కారుకైతే ఆరోగ్యం గురించి సొంత డిక్లరేషన్ చాలు. ట్రాన్స్‌పోర్ట్‌కు మాత్రం ఫాం 1ఎ, అంటే రిజిస్టరైన డాక్టరు పరీక్ష చేసి ఫొటో మీద సంతకం పెట్టిన మెడికల్ సర్టిఫికెట్ కావాలి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంనుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలి. అద్దాలు పెట్టుకుని చదివినా ఫరవాలేదు. రంగులు పోల్చుకోవడం, రాత్రిచూపు, చెవుడు కూడా చూస్తారు. చూడకుండానే సంతకం పెట్టే డాక్టర్లు ఉంటారు, వాళ్ల జోలికి పోవద్దు. చూపు తగ్గితే రాత్రి గుత్తి రోడ్డులో ఎదురుగా వచ్చే లైట్ల ముందు మొదట తెలిసేది మీకే.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల దాకా డ్రైవింగ్ టెస్టుకు పిలవకూడదు. పైగా ట్రాన్స్‌పోర్ట్‌కు అనుమతి ఉన్న డ్రైవింగ్ స్కూలులో శిక్షణ తప్పనిసరి. నిబంధన ప్రకారం కనీసం 30 రోజుల కోర్సు, అందులో స్టీరింగ్ మీ చేతిలో ఉండే సమయం 15 గంటలకు తగ్గకూడదు. అది పూర్తయ్యాక స్కూలు ఫాం 5, అంటే శిక్షణ పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ ఇస్తుంది. ఫాం 5 లేకుండా టెస్టుకు రానివ్వరు. ఇప్పుడు మీ ఏజెంటు చెప్పిన 'రెండు వారాలు' ఒకసారి లెక్కేయండి. నిజాయితీగా చేస్తే అది కుదరదు. ఫాం 5 బండి ఎక్కనివాడికి ఇప్పించాలి, లేదా కార్డే దొంగది కావాలి. దొంగ కార్డు ఎన్నాళ్లో దాగదు. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే సారథిలో ఎవరికైనా వివరాలు కనిపిస్తాయి. పనిలో పెట్టుకునే ముందు ఓనర్లే ఫోన్‌లో చూసుకుంటున్నారు.

ఖర్చు సంగతి. కేంద్ర నిబంధనల్లో ఎల్‌ఎల్‌ఆర్‌కు 150, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకు 300, ఉన్న లైసెన్సుకు కొత్త తరగతి చేర్చడానికి 500 రూపాయలు. కార్డు ఖర్చు, రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు దీనిపైన. మీ చేతిలోంచి పోయే పెద్ద మొత్తం డ్రైవింగ్ స్కూలు ఫీజే, అది ఊరిని బట్టి మారుతుంది. ఏజెంటు 15 వేలు అన్నాడంటే అందులో స్కూలు రశీదు ఎంత, ఆన్‌లైన్ చలానా ఎంత అని విడివిడిగా అడగండి. చెప్పలేకపోతే మిగతాది ఎక్కడికి పోతుందో మీకే తెలుస్తుంది.

ఎల్‌ఎల్‌ఆర్ చేతిలో ఉంది కదా అని ఓనరు ఐషర్‌కు లోడు వేసి పంపితే వెళ్లొద్దు. ఎల్‌ఎల్‌ఆర్‌తో తోలాలంటే ఆ తరగతి లైసెన్సున్న నేర్పేవాడు పక్కనే, బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. పక్కన క్లీనరు కూర్చుంటే సరిపోదు. బండి ముందూ వెనకా తెల్లటి చదరం మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి. చదరం 18 సెంటీమీటర్లు, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు అని కొలతలు కూడా నిబంధనల్లో ఉన్నాయి.

టెస్టుకు బండి మనమే తీసుకెళ్లాలి, దరఖాస్తు చేసిన తరగతి బండే కావాలి. స్కూలు బండిలో నేర్చుకుని అదే బండిలో టెస్టుకు వెళ్లడం మేలు. పికప్‌నుంచి వచ్చినవాళ్లు తడబడేది రెండు మూడు చోట్ల. మొదటిది ఎయిర్ బ్రేకు. ఇంజను స్టార్టు చేయగానే హ్యాండ్‌బ్రేకు తీసి కదలకూడదు. డాష్‌బోర్డులో గాలి ప్రెషర్ ముల్లు ఎక్కి, బజరు ఆగేదాకా నిలబడాలి. ట్యాంకులో గాలి లేకపోతే వెనక బ్రేకులు స్ప్రింగు బలంతో పట్టే ఉంటాయి, ఆపైన బండిని లాగితే టైరు ఈడుస్తుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు క్యాబిన్‌లో కూర్చున్న అర నిమిషంలోనే ఇది గమనిస్తాడు.

రెండోది మలుపు. పికప్‌లో ముందు చక్రం ఎక్కడినుంచి పోతే వెనక చక్రం దాదాపు అక్కడినుంచే వస్తుంది. పెద్ద బండిలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి వెనక చక్రం లోపలికి కోసుకుంటూ వస్తుంది. ట్రాక్ మీద మూల దగ్గర స్టీరింగ్ తొందరగా తిప్పితే ముందు భాగం బాగానే పోయినట్టుంటుంది, వెనక లోపలి జంట టైరు మాత్రం గీత ఎక్కుతుంది. మూల మీ భుజం దాటేదాకా నేరుగా పోనిచ్చి అప్పుడు తిప్పాలి, తిప్పేటప్పుడు కన్ను ఆ వైపు అద్దంలోనే ఉండాలి. బేతంచర్ల, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల సందుల్లో గేటు స్తంభాలు ఎందుకు చెక్కుకుపోయి ఉంటాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. రివర్సులో కూడా క్లీనరు 'రానీ రానీ' అనే అరుపు మీద ఆధారపడే అలవాటు మానుకోండి. టెస్టులో క్లీనరు ఉండడు. టెస్టు తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లూ తప్పితే చివరి టెస్టునుంచి 60 రోజులు ఆగాలి.

పాసయ్యాక వచ్చే కార్డును జేబులో పెట్టుకునే ముందు తేదీలు చదవండి. రెండుంటాయి, ఒకటి నాన్ ట్రాన్స్‌పోర్ట్‌ది, ఒకటి ట్రాన్స్‌పోర్ట్‌ది. 30 ఏళ్లలోపు తీసుకున్నారు కాబట్టి మీ కారు లైసెన్సు 40 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. ట్రాన్స్‌పోర్ట్ మాత్రం 5 ఏళ్లే. పైనున్న పెద్ద తేదీ చూసుకుని ధీమాగా ఉండి, ట్రాన్స్‌పోర్ట్ గడువు దాటిన సంగతి చెక్‌పోస్టులోనో ప్రమాదం తర్వాతో తెలుసుకునే డ్రైవర్లు తక్కువేమీ కాదు. గడువు తర్వాత 30 రోజుల వెసులుబాటు పాత రోజుల్లో ఉండేది, 2019 సవరణతో అది పోయింది. గడువు ముగిసిన మర్నాటినుంచే పెద్ద బండి తోలకూడదు. రెన్యువల్‌కు ఏడాది ముందునుంచే దరఖాస్తు తీసుకుంటారు. గడువు దాటి ఏడాదైతే మళ్లీ టెస్టు. ప్రతి రెన్యువల్‌కూ ఫాం 1ఎ కొత్తది కావాలి.

ఇవన్నీ ఓనరుకూ చెప్పండి, ఆయన మీదా బాధ్యత ఉంది. ఆ తరగతి లైసెన్సు లేకుండా తోలినందుకు డ్రైవరుకు 5,000 జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అలాంటివాడికి బండి ఇచ్చినందుకు ఓనరుకూ అదే శిక్ష. ఈ అయిదు వేలకు ఎవరూ భయపడరు. అసలు దెబ్బ బీమాలో ఉంది. ప్రమాదంలో ఎవరైనా పోతే, ట్రిబ్యునల్ చాలా కేసుల్లో బీమా కంపెనీని ముందు బాధితులకు చెల్లించమని, తర్వాత ఆ సొమ్ము ఓనరునుంచి రాబట్టుకోమని చెబుతుంది. దీన్ని 'పే అండ్ రికవర్' అంటారు. పరిహారం లక్షల్లో ఉంటుంది, ప్రీమియం క్రమం తప్పకుండా కట్టినా సరే ఆ భారం ఓనరు మీదే పడుతుంది. పైగా బండికి అయిన నష్టం క్లెయిము కూడా అదే కారణంతో తిరస్కరిస్తారు. 'ఆరు టైర్లే గదా' అన్న ఓనరుకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

ఎర్రగుంట్ల సిమెంటు లారీకి మీ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు చాలు, అదనంగా ఏమీ అక్కర్లేదు. కర్ణాటకలోకి, బళ్లారికి వెళ్లినా మీ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. సరిహద్దు దాటేటప్పుడు అడిగే పర్మిట్ బండిది, అది ఓనరు చూసుకోవాలి.

పెట్రోలు ట్యాంకరు దారి వేరు. పెట్రోలు, గ్యాస్, యాసిడ్, క్వారీలకు వెళ్లే పేలుడు పదార్థాలు ప్రమాదకర సరుకు కిందికి వస్తాయి. బండి చిన్నదైనా వీటికి విడిగా ఎండార్స్‌మెంట్ ఉండాల్సిందే, రంభాదేవి తీర్పు కూడా వీటిని పక్కన పెట్టింది. గనులకు డిటొనేటర్లు తీసుకెళ్లే చిన్న వ్యాను ఎవరైనా ఇస్తామంటే 'పికప్ లాంటిదే' అని ఎక్కేయకండి. దీనికి గుర్తింపు పొందిన సంస్థలో మూడు రోజుల శిక్షణ ఉంటుంది, లైసెన్సు మూడేళ్లకోసారి, మళ్లీ రిఫ్రెషర్ శిక్షణ చేసి, రెన్యువల్ చేయించుకోవాలి. ఇక్కడ మీకు చదువు అడ్డొచ్చే అవకాశం ఉంది. ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలని నిబంధన. ట్యాంకరు వెనక అతికించిన ప్యానెల్ మీద ఉన్న సరుకు పేరు, ఆ సరుకును గుర్తించే యూఎన్ నంబరు, అత్యవసర సూచనలు చదివి అగ్నిమాపక సిబ్బందికి చెప్పాల్సింది డ్రైవరే కదా. ముందు రెండేళ్లు సిమెంటు లారీ తోలుతూ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివే స్థాయికి వస్తే, ట్యాంకరు గురించి అప్పుడు ఆలోచించొచ్చు.

చివరిగా మీ తమ్ముడు. ఎల్‌ఎంవీ ఉంది కాబట్టి పికప్ తోలొచ్చనిపిస్తుంది. కానీ చట్టం 4వ సెక్షన్‌లో రవాణా వాహనం తోలడానికి 20 ఏళ్లు నిండాలని ఉంది, పికప్ ఆర్‌సీలో రవాణా వాహనమే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ వయసునే. 20 నిండేదాకా పికప్ తాళాలు మీ మామ దగ్గరే ఉండనివ్వండి. అప్పటిదాకా పక్క సీటులో కూర్చుని తాడు కట్టడం, టార్పాలిన్ బిగించడం, చీనీ ట్రేలు జారకుండా పేర్చడం నేర్చుకోవచ్చు. వీటికి లైసెన్సు అక్కర్లేదు.